గోదావరి నీళ్లు తెరమీద: ఎనిమిదేళ్ల పైథాన్ వాడకం

నా పనంతా కాకినాడ అఖాతం చుట్టూ తిరుగుతుంది. గౌతమి పాయ నీళ్లు సముద్రంలో ఎటు సాగుతాయి, వరద రోజుల్లో ఉప్పదనం ఎంత దూరం దాకా తగ్గుతుంది, పోటుకి మట్టం ఎంత లేస్తుంది, హోప్ ఐలాండ్ ఇసుక దిబ్బ వెనక నీరు ఎంతసేపు నిలుస్తుంది, ఇలాంటివన్నీ కంప్యూటర్ మోడల్‌తో లెక్క కట్టాలి. లెక్క కట్టేది ఫోర్‌ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసిన రామ్స్ అనే మోడల్. దాని మంచిచెడ్డల జోలికి ఇక్కడ పోను. అది రాసిపెట్టిన అంకెల కొండని మనిషి కంటికి ఆనేలా చేసే సామాను గురించే ఈ సమీక్ష. డేటా తెరవడానికి ఎక్స్‌అర్రే, బొమ్మలు గీయడానికి మ్యాట్‌ప్లాట్‌లిబ్, పటాలకి కార్టోపై, రంగులకి సీఎమ్‌ఓషన్, అవసరాన్ని బట్టి ఇంకో రెండు మూడు. ఈ నాలుగూ పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషవి, అన్నీ ఉచితం.

ఈ రోజు కొత్తగా మొదలెట్టమన్నా మళ్లీ ఇవే తీసుకుంటాను. నా ఫిర్యాదల్లా ఒక్కటే. ఇవి అడిగింది ఏదైనా గీసిపెడతాయి. తప్పుగా అడిగితే తప్పు బొమ్మని కూడా అంతే శ్రద్ధగా, అంతే అందంగా గీసిపెడతాయి. ఎనిమిదేళ్లలో నేను పడ్డ పాట్లలో ముప్పాతిక వంతు ఇక్కడివే.

డేటా ఎంతుంటుందో ముందు చెబితే మిగతాది అర్థమవుతుంది. నా గ్రిడ్‌లో, అంటే సముద్రాన్ని గళ్లుగా కోసిన వలలో, అడ్డంగా 400 గళ్లు, నిలువుగా 300, లోతులో 30 పొరలు. గంటకొకటి చొప్పున ఏడాది దాచుకుంటే 8,760 రికార్డులు. ఒక్క ఉప్పదనానికే దాదాపు 126 జీబీ అవుతుంది. ఉష్ణోగ్రత, రెండు దిశల వేగాలు కలిపితే 500 జీబీ దాటిపోతుంది. నా ల్యాప్‌టాప్ ర్యామ్ 16 జీబీ. మొదట్లో వాడిన సాఫ్ట్‌వేర్ డబ్బు కట్టి కొనేది. దాంట్లో రోజుకో ఫైలు తెరిచి, కావలసిన ముక్క కోసుకుని, మూసేసి, మళ్లీ ఇంకోటి తెరిచేలా లూపులు రాసుకునేదాన్ని. లైసెన్స్ గడువు అయిపోయిన ఏడాది గత్యంతరం లేక పైథాన్‌కి వచ్చాను. ఇష్టపడి వచ్చానని అబద్ధం చెప్పను.

ఎక్స్‌అర్రే నన్ను ఇక్కడే కట్టిపడేసింది. ఏడాది ఫైళ్లన్నీ కలిపి ఒకే డేటాసెట్‌గా తెరవమంటే తెరుస్తుంది. తెరిచింది అన్నమాటే గాని అంకెలు చదవదు, ఏ ఫైల్లో ఏముందో మాత్రం గుర్తుపెట్టుకుంటుంది. ఫలానా రోజు, పై పొర, ఉప్పదనం అని అడిగినప్పుడు ఆ ముక్క ఒక్కటే తెస్తుంది. పై పొర వరకే అయితే ఏడాదికి 4 జీబీ చిల్లర, ల్యాప్‌టాప్ హాయిగా మోస్తుంది. పైగా అన్నీ పేర్లతోనే అడగొచ్చు. మూడో ఇండెక్స్ సమయమా లోతా అని వేళ్లు లెక్కపెట్టుకునే బాధ పోయింది.

పేర్లు మనల్ని అన్నిటి నుంచీ కాపాడవని మాత్రం తొలి వరద సీజన్‌లోనే తెలిసింది. ఆగస్టు నెల ఉపరితల ఉప్పదనం గీసి మా గైడ్ గారికి చూపించాను. కళ్లజోడు సర్దుకుని చాలాసేపు చూశారు. "బాగుంది గానీ, గోదావరి ఎక్కడికి పోయిందమ్మా?" అన్నారు. నిజమే. ఏటిలో వరద నడుస్తుంటే ముఖద్వారం ముందు నీరు చప్పబడాలి. నా బొమ్మలో నడి సముద్రం లాగా ఉప్పగా ఉంది. విషయం ఏమిటంటే రామ్స్ పొరల్ని అడుగు నుంచి పైకి లెక్కపెడుతుంది. సున్నా అంటే అడుగు పొర, ఉపరితలం చివరిది. నేను సున్నా అంటే పైనుంచి మొదటిది అనుకున్నాను. వారం రోజులు సముద్రం అడుగు చూస్తూ పైభాగం అనుకుంటూ ఉన్నానన్నమాట. ఎర్రర్ రాలేదు, హెచ్చరిక రాలేదు. బొమ్మ చూడముచ్చటగా ఉంది.

వేగాల దగ్గర ఇంకో రకం గొయ్యి ఉంది. రామ్స్ తూర్పు పడమర వేగాన్ని గడి పక్క అంచుల మీద, ఉత్తర దక్షిణ వేగాన్ని పై కింది అంచుల మీద, మట్టాన్నీ ఉప్పదనాన్నీ గడి మధ్యలో ఉంచుతుంది. రెండు వేగాల వర్గాలు కలిపి వడి కనుక్కుందామని ఒక్క లైను రాశాను. రెండింటి అక్షాల పేర్లు వేరు కాబట్టి ఎక్స్‌అర్రే వాటిని దేనికదే స్వతంత్రం అనుకుంది. ప్రతి గడినీ ప్రతి గడితోనూ కలపబోయింది. లక్షా ఇరవై వేల గళ్లని మళ్లీ లక్షా ఇరవై వేలతో గుణిస్తే ఒక్క పొరకి, ఒక్క గంటకి 57 జీబీ పైచిలుకు. ల్యాప్‌టాప్ బిగుసుకుపోయింది, బటన్ నొక్కి ఆపాల్సి వచ్చింది. ఒక రకంగా అది మంచి తప్పే, చేసినట్టు వెంటనే తెలిసింది. పేర్లు తీసేసి, చివరి వరస కత్తిరించి, సైజులు సరిపోయేలా చేసి కలిపేవాళ్లు చాలామంది ఉన్నారు. అది నడుస్తుంది, అరగడి తేడాతో నడుస్తుంది, ఎవరూ పట్టుకోరు. రెండు వేగాల్నీ ముందు గడి మధ్యకి సగటు చేసుకుని ఆ తర్వాతే కలపాలి.

ఆ తర్వాత తిప్పడం. మా గ్రిడ్ తీరం వెంట ఏటవాలుగా ఉంటుంది. మోడల్ ఇచ్చే వేగాలు గ్రిడ్ దిశలో ఉంటాయి గాని నిజమైన తూర్పు ఉత్తరాల్లో ఉండవు. ఫైల్లోనే ఉన్న కోణంతో తిప్పుకోవాలి. ఇది మరిచిపోయి నవంబరు ప్రవాహాలు గీస్తే బాణాలన్నీ నేరుగా ఉప్పాడ ఊళ్లోకి దూరాయి. సముద్రం కోత చాలదన్నట్టు నేను కూడా పంపిస్తున్నాను నీళ్లని! మన తూర్పు తీరం వెంట ప్రవాహం మార్చి ప్రాంతంలో ఈశాన్యంగా, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా నైరుతిగా సాగుతుందని పుస్తకాల్లో ఉన్నదే. ఇప్పుడు ఏ కొత్త స్క్రిప్ట్ రాసినా ముందు ఈ రెండు నెలలు గీసి చూస్తాను. తీరం వెంట అటూ ఇటూ తిరిగితే సరే, లేదంటే కోడ్‌లో ఏదో ఉన్నట్టే.

నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఏడిపించింది మాత్రం గడియారం. మోడల్ మట్టాన్నీ రేవులో పోటు కొలిచే గేజీ రికార్డునీ ఒకే గ్రాఫ్‌లో వేశాను. మోడల్ పోటు అంటుంటే గేజీ ఆటు అంటోంది. అచ్చం అద్దంలో ప్రతిబింబం లాగా తలకిందులు. ఎక్కడో మైనస్ గుర్తు తప్పిందని రెండు రోజులు కోడ్ అంతా గాలించాను. లోతుల ఫైల్లో గుర్తు తిరగబడిందా అని కూడా చూశాను, ఎందుకంటే జెబ్‌కో అనే ప్రపంచ లోతుల పటంలో సముద్రపు లోతు మైనస్‌లో ఉంటుంది, రామ్స్‌కి ప్లస్‌లో కావాలి. అక్కడ అంతా బానే ఉంది. చివరికి చూస్తే మోడల్ సమయం యూటీసీ, అంటే ప్రపంచమంతటికీ ఉమ్మడి కాలమానం, గేజీది మన కాలమానం. తేడా ఐదున్నర గంటలు. మన దగ్గర పోటు సుమారు 12 గంటల 25 నిమిషాలకోసారి వస్తుంది, దాంట్లో సగం ఆరు గంటల చిల్లర. ఐదున్నర గంటలు జరిగితే కొండ ఉన్న చోట దాదాపు లోయ వచ్చి కూర్చుంటుంది.  ఎక్స్‌అర్రేలో సమయానికి టైమ్ జోన్ ఉండదు, ఏది ఇస్తే అదే నిజం అనుకుంటుంది. అప్పటి నుంచి ప్రతి గ్రాఫ్ అడుగున యూటీసీ అనో, భారత కాలమానం అనో రాయకుండా సేవ్ చేయను.

రంగుల సంగతి. 2017 జనవరిలో 2.0 వెర్షన్ వచ్చేదాకా మ్యాట్‌ప్లాట్‌లిబ్ తనంతట తాను వాడే రంగుల పట్టీ జెట్. నీలం, ఆకుపచ్చ, పసుపు, ఎరుపు వరసగా వచ్చే ఇంద్రధనస్సు లాంటిది. పాత రిపోర్టులు ఏవి తీసినా అదే. దాని దోషం ఏమిటంటే అంకెలు నెమ్మదిగా మారుతున్నా, పసుపు మొదలయ్యే చోట కంటికి గట్టు కట్టినట్టు కనిపిస్తుంది. అఖాతం బయట ఉప్పదనం మెల్లగా పెరుగుతుంటే నా బొమ్మలో అక్కడ పసుపు గీత పడింది. అది నదీజలానికీ సముద్రజలానికీ మధ్య సరిహద్దు అనుకుని దాని మీద ఒక పేరా కూడా రాసేశాను. పట్టీ మార్చి చూస్తే సరిహద్దు మాయం. పేరా కొట్టేశాను.

సీఎమ్‌ఓషన్‌ని సముద్రం చదివేవాళ్లు తమకోసం తయారు చేసుకున్నారు. ఉప్పదనానికి హేలైన్, ఉష్ణోగ్రతకి థర్మల్, లోతుకి డీప్, వడికి స్పీడ్, ఇలా ఒక్కోదానికీ ఒక్కో పట్టీ. అంకె ఎంత మారితే రంగు కంటికి అంతే మారుతుంది. మట్టం లాగా సున్నాకి అటూ ఇటూ ఉండేవాటికి బ్యాలెన్స్ పట్టీ ఉంది. దానికి సున్నా సరిగ్గా మధ్యలో వచ్చేలా హద్దులు మనమే పెట్టాలి. పెట్టకపోతే పట్టీ మధ్యలోని తెలుపు ఏ పది సెంటీమీటర్ల మీదో పడి, చూసేవాళ్లు దాన్నే సున్నా అనుకుంటారు. పోటు దశ లాంటి చుట్టూ తిరిగివచ్చే కోణాలకి ఫేజ్ అనే గుండ్రటి పట్టీ వేరే ఉంది. మామూలు పట్టీ వాడితే 359 డిగ్రీలకీ సున్నాకీ మధ్య సముద్రాన్ని కత్తితో కోసినట్టు గీత వస్తుంది. ఇంత చిన్న ప్యాకేజీకి ఇంత మెచ్చుకోలు ఎందుకంటే, మిగతా సామానులో నా చేత అబద్ధం చెప్పించకుండా ఆపేది ఇదొక్కటే.

మ్యాట్‌ప్లాట్‌లిబ్ మీద నాది ప్రేమా కోపమా అంటే చెప్పడం కష్టం. జాన్ హంటర్ దీన్ని మొదలుపెట్టింది మూర్ఛరోగుల మెదడు సంకేతాలు చూడడానికి, 2003లో విడుదల చేశారు. ఆ పునాది మీద ఇన్నేళ్లు కట్టుకుంటూ వచ్చిన ఇల్లు కాబట్టి గదికో దారి ఉంటుంది. ఒకే పని మూడు రకాలుగా చేయొచ్చు, నెట్‌లో దొరికే జవాబులు మూడు రకాల్నీ కలిపేసి ఉంటాయి. అయినా రెండు మాటలు గట్టిగా చెప్పగలను. మొదటి చూపుకి ఎప్పుడూ గడి గడికీ విడిగా రంగు వేసే పీకలర్‌మెష్ వాడండి, కాంటూర్‌ఎఫ్ వద్దు. రెండోది నున్నగా పూసేస్తుంది. మోడల్ అస్థిరంగా మారి గళ్లలో చదరంగం బల్ల లాంటి మచ్చలు వస్తుంటే మొదటిది ఉన్నదున్నట్టు చూపిస్తుంది, రెండోది మేకప్ వేస్తుంది. ఇక యానిమేషన్ చేసేటప్పుడు రంగుల హద్దులూ బాణాల స్కేలూ ముందే బిగించాలి. లేకపోతే ప్రతి ఫ్రేముకీ అదే కొత్తగా నిర్ణయించుకుంటుంది. అష్టమి నాటి నీరసపు ప్రవాహం, అమావాస్య నాటి ఉధృతం ఒకే పొడవు బాణాలతో కనిపిస్తాయి. నా మొదటి వీడియోలో సరిగ్గా అదే జరిగింది. పక్షం రోజుల పోటు మార్పు చూపించడానికే ఆ వీడియో చేశాను, చూపించాల్సిందే దాంట్లో లేదు.

వీడియోకి దీని సొంత యానిమేషన్ పద్ధతి నాకు నచ్చలేదు, నెమ్మది. ఫ్రేములన్నీ బొమ్మలుగా సేవ్ చేసి ఎఫ్ఎఫ్ఎంపెగ్ అనే వీడియో ప్రోగ్రాంతో కుడతాను. వెడల్పు, ఎత్తు పిక్సెళ్లు సరిసంఖ్యలు కాకపోతే అది మొరాయిస్తుంది. పిక్సెల్ ఫార్మాట్ చెప్పకపోతే వీడియో తయారవుతుంది గాని కొన్ని ఫోన్లలో ఆడదు. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటిన వరద గుర్తుందిగా, ఆ నీళ్లు సముద్రంలో ఎలా పరుచుకుని ఉంటాయో నేను చేసిన వీడియో వాట్సాప్‌లో పంపితే సగం మందికి నల్లతెర కనిపించింది.

కార్టోపై గురించి క్లుప్తంగా. పటాలు గీసే పాత ప్యాకేజీ బేస్‌మ్యాప్ కన్నా నయం. తీరరేఖని మాత్రం మొదటిసారి గీసేటప్పుడే నెట్ నుంచి దింపుకుంటుంది. క్లస్టర్‌లో, అంటే చాలా కంప్యూటర్లు కలిపిన చోట, లెక్కలు చేసే నోడ్‌లకి నెట్ ఉండదు, జాబ్ అక్కడే చచ్చిపోతుంది. ముందే దింపి పెట్టుకోండి. దింపినా ఆ తీరరేఖ దేశాలు గీయడానికి పనికొస్తుంది గాని కోరింగ మడ అడవుల మధ్య కాలవలకి కాదు. నేను ఉపగ్రహ చిత్రం మీద చేత్తో గీసుకున్న తీరరేఖ ఫైలు (షేప్‌ఫైల్) వాడతాను.

ఉప్పెన లెక్కలకి రామ్స్ కాదు, అడ్‌సర్క్ అనే ఇంకో మోడల్ వాడతాం. అది గళ్ల మీద కాక త్రిభుజాల వల మీద నడుస్తుంది. తీరం దగ్గర చిన్నవి, దూరంగా పెద్దవి. 2014 అక్టోబరు 12న విశాఖ దగ్గర తీరం దాటిన హుద్‌హుద్‌ని మళ్లీ లెక్కగట్టి చూసేటప్పుడు దీంతో పరిచయం. మ్యాట్‌ప్లాట్‌లిబ్ త్రిభుజాల్ని చక్కగానే గీస్తుంది, కాకపోతే ఏ మూడు బిందువులు కలిస్తే త్రిభుజమో మనమే ఇవ్వాలి. ఇవ్వకపోతే సొంతంగా కలిపేసుకుంటుంది. అప్పుడు నేలా, దీవులూ అన్నీ నీళ్లతో నిండిపోతాయి. ఇచ్చేటప్పుడు కూడా అడ్‌సర్క్ ఒకటి నుంచి లెక్కపెడితే పైథాన్ సున్నా నుంచి లెక్కపెడుతుందని గుర్తుండాలి. ఒకటి తీసేయడం మరిచిపోతే చిరిగిన వల లాగా గీతలు సముద్రం ఈ చివర నుంచి ఆ చివరకి పోతాయి. నీరు చేరని బిందువులకి అది మైనస్ 99,999 రాస్తుంది. వాటిని కప్పకుండా గీస్తే పట్టీ అంతా ఆ అంకెకే సరిపోయి మీటరున్నర ఉప్పెన ఒకే రంగులో కలిసిపోతుంది.

ఇక తెలుగు. మత్స్యకారులకి చూపించడానికి ఒక పటం కావాల్సి వచ్చింది. ఊళ్ల పేర్లు, దిక్కులు తెలుగులో పెడదామని ఫాంట్ ఇచ్చి రాయిస్తే ఒత్తులన్నీ విడిపోయి పక్కపక్కన పడ్డాయి. గుణింతాలు చెల్లాచెదురు. నేను వాడిన వెర్షన్లలో మ్యాట్‌ప్లాట్‌లిబ్‌కి మన లిపులు కూర్చడం రాదు, ఒక్కో గుర్తునీ విడిగా తెచ్చి వరసలో పెట్టేస్తుంది. చాలా తిరిగాక దొరికిన ఉపాయం ఇది. బొమ్మని ఎస్‌వీజీగా సేవ్ చేస్తూ, అక్షరాల్ని గీతలుగా మార్చకుండా అక్షరాలుగానే ఉంచమని సెట్టింగ్ పెట్టాలి. అప్పుడు ఆ ఫైలు బ్రౌజర్‌లోనో ఇంక్‌స్కేప్ అనే బొమ్మల ప్రోగ్రాంలోనో తెరిస్తే కూర్పు పని అవే చూసుకుంటాయి. అక్కడి నుంచి పీడీఎఫ్ తీసుకుంటాను. సొంపైన దారి కాదు, కానీ పటం మీద "కాకినాడ రేవు" అని సరిగ్గా వచ్చింది.

మిగతావి. ఎన్‌సీవ్యూ పాతకాలపు చిన్న ప్రోగ్రాం, బటన్లు చూస్తే నవ్వొస్తుంది. అయినా మోడల్ నడుస్తుండగా ఫైలు ఎలా ఉందో చూడ్డానికి దానికి సాటి లేదు, అర నిమిషంలో తెలిసిపోతుంది. కోడ్ రాయనివాళ్లకి నాసా వాళ్ల పనోప్లీ ఇస్తాను. పారావ్యూతో త్రీడీలో గోదావరి నీళ్లు పలచటి దుప్పటిలా సముద్రం మీద పరుచుకోవడం చూపిస్తే సభలో అందరూ ఆహా అంటారు. తర్వాత ఎవరూ దాంట్లోంచి ఒక్క అంకె చదవలేరు. ఏడాదికోసారి వాడతాను. త్రిభుజాల వలని ఊరి పటాలతో కలిపి చూడాలంటే పటాల సాఫ్ట్‌వేర్ క్యూజీఐఎస్ బాగుంది.

ఎక్స్‌అర్రేలో ఇప్పటికీ తెగని చికాకు ఒకటుంది. ఒక రోజు పటం గీయడం చిటికెలో పని. అదే ఒక్క బిందువు దగ్గర ఏడాది పొడుగునా ఉప్పదనం కావాలంటే అన్ని ఫైళ్లూ తిరగేయాలి, టీ తాగి వచ్చినా అవ్వదు. డిస్కు మీద డేటా గంటల వారీగా పేర్చి ఉన్నప్పుడు అది దాని తప్పు కాదు, నిజమే. డేటాని ముక్కలుగా దాచే జార్ ఫార్మాట్‌లోకి ఒకసారి మార్చి పెట్టుకుంటే నయమవుతుంది, మార్చడానికి ఒక రాత్రి పడుతుంది. నాకు పదే పదే కావలసిన చోట్లు ముందే తెలుసు కాబట్టి, ఇప్పుడు మోడల్‌కే చెప్పి ఆ స్టేషన్లని విడి ఫైల్లో రాయిస్తున్నాను.

మా ప్రాజెక్టులో కొత్తగా చేరే పిల్లలకి మొదటి నెల ఒక్క అందమైన బొమ్మ కూడా గీయనివ్వను. ఒక గడి తీసుకుని దాని లోతు, ఆ రోజు మట్టం, 30 పొరల ఉప్పదనం కాగితం మీద రాసి, ఏ పొర ఎన్ని మీటర్ల దగ్గర ఉందో చేత్తో లెక్కగట్టమంటాను. రామ్స్‌లో పొరలు నేలని బట్టి వంగుతాయి. అడుగు నుంచి పదో పొర ఒక చోట రెండు మీటర్ల లోతులో ఉంటే, ఇంకోచోట వందల మీటర్ల కింద ఉంటుంది. పొర నంబరునే లోతు అనుకుని సముద్రపు అడ్డుకోత బొమ్మలు గీసేవాళ్లని చాలామందిని చూశాను. "అక్కా, దీనికి లైబ్రరీ ఉందిగా" అని గొణుగుతారు. ఉంది. నెల తర్వాత వాడుకోమంటాను.

తెలుగు పటం సంగతికి వస్తే, దాన్ని పట్టుకుని ఏటిమొగ వెళ్లాను. నాన్నకి తెలిసిన పడవ బాబాయ్ ఒకాయన చాలాసేపు చూసి, "ఏమ్మా, ఈ బాణాలు గాలివా, నీళ్లవా?" అని అడిగారు. ఎక్కడా రాయలేదు నేను. రంగుల గురించి ఆయనకి పట్టలేదు. ఫోన్‌లో చూపించబోతే ఎండలో ఏమీ కనపడదన్నారు, కాగితం మీద పది కాపీలు కావాలన్నారు. పక్క షాపులో జిరాక్స్ తీయించాను, నలుపు తెలుపులో. పాత జెట్ పటం అయితే ఎరుపూ నీలమూ ఒకే బూడిద రంగులోకి వచ్చేవి. హేలైన్ పట్టీ ముదురు నుంచి లేతకి ఒకే దారిలో పోతుంది కాబట్టి జిరాక్స్‌లో కూడా చప్ప నీరెక్కడో ఉప్పు నీరెక్కడో తెలిసింది. బాణాల పక్కన "నీళ్లు" అని పెన్నుతో పది కాగితాల మీదా రాసి ఇచ్చి వచ్చాను.